చెట్లు కనిపించని అభయారణ్యంలో పక్షులెక్కడ?

బెంగళూరు నుంచి మైసూరు రోడ్డు పట్టుకొని ఓ యాభై కిలోమీటర్లు పోతే రామనగర వస్తుంది. బండలు ఒకదాని భుజం మీద ఒకటి ఎక్కి కూర్చున్నట్టుండే రామదేవర బెట్ట ఆ ఊరి అంచునే ఉంది. కర్ణాటక ప్రభుత్వం 2012లో దాన్ని రాబందుల అభయారణ్యంగా ప్రకటించింది. విస్తీర్ణం దాదాపు 346 హెక్టార్లు, అంటే ఎనిమిది వందల యాభై ఎకరాల పైచిలుకు. మొన్న చలికాలంలో మా అపార్ట్‌మెంటు తెలుగువాళ్ళం పదిమందిమి చీకటితోనే బయలుదేరి అక్కడికి వెళ్ళాం. మెట్లు సగం ఎక్కాక కదిరి నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన ఒక చెల్లెలు ఆగి, నడుము మీద చెయ్యి పెట్టుకొని అడిగింది: "అన్నా, అభయారణ్యమంటే పెద్ద అడవి ఉంటాదనుకుంటి. ఇది మా కదిరి కాడ గుట్టల మాదిరే ఉండాది గదా. దీనికోసమా నాలుగింటికే లేపితివి?"

ఆమె అడిగినదాంట్లో తప్పేమీ లేదు. బెంగళూరు చుట్టుపక్కల, ఇటు రాయలసీమలో, అటు బళ్ళారి దిక్కున ఉన్న మెట్ట ప్రాంతపు అభయారణ్యాలను మొదటిసారి చూసినవాళ్ళలో చాలామందికి వచ్చే సందేహమే అది. చెట్లు లేనిచోట వన్యప్రాణి రక్షణ ఏమిటి, నీళ్ళు లేనిచోట పక్షులేమిటి, తీరా వెళ్ళాక ఏమీ కనబడకపోతే అక్కడ ఏమైనా ఉన్నట్టా లేనట్టా? వీటికి జవాబు వెతకాలంటే ముందు మాటల దగ్గర మొదలుపెట్టడం మేలు, ఎందుకంటే తికమకలో సగం అక్కడే ఉంది.

అరణ్యం, జాంగలం, చిట్టడవి, బంజరు

అభయారణ్యం అనే మాటలో అరణ్యం ఉంది కాబట్టి మన కళ్ళు వెంటనే చెట్లను వెతుకుతాయి. పాత సంస్కృతంలో అరణ్యానికి ఎదురు మాట గ్రామం. ఊరికీ సాగుకూ ఆవల ఉన్న నేల ఏదైనా అరణ్యమే, అందులో చెట్లు ఉండనీ లేకపోనీ. ఇంగ్లీషులోకి పోయి దట్టమైన అడవి అనే అర్థం తెచ్చుకున్న జంగిల్ అనే మాట కథ ఇంకా విచిత్రమైనది. దాని మూలం జాంగలం. ఆయుర్వేద గ్రంథాలు దేశాన్ని జాంగలం, అనూపం, సాధారణం అని మూడుగా విభజించాయి. నీరు సమృద్ధిగా ఉండే చిత్తడి నేల అనూపం. నీరు తక్కువై, చెట్లు పలచనై, ఎండా గాలీ ధారాళంగా ఉండే మెట్ట నేల జాంగలం. సుశ్రుతుడి వర్గీకరణలో పూరేడు, కౌజు వంటి, కాళ్ళతో నేలను గీరుకొని మేసే పక్షులు జాంగల వర్గంలోనివే. అంటే రామదేవర బెట్ట లాంటి చోటే అసలైన జంగిల్ అన్నమాట.

తెలుగులో దీనికి చక్కటి మాట చిట్టడవి. కన్నడిగులు కురుచలు కాడు అంటారు. బలుసు, రేగు, కలివి, తుమ్మ, చండ్ర వంటి ముళ్ళ పొదలూ పొట్టి చెట్లూ, వాటి మధ్య గడ్డి, గడ్డి మధ్య బండ, ఇదీ దాని రూపం. అయితే ఇదే నేలకు ప్రభుత్వ కాగితాల్లో వేరే పేర్లున్నాయి. భారత అటవీ సర్వే సంస్థ ఉపగ్రహ చిత్రాలతో లెక్క కట్టేటప్పుడు, చెట్ల కొమ్మల నీడ నేలలో నూటికి పది వంతులైనా కప్పకపోతే ఆ చోటును అడవి విస్తీర్ణంలో కలపదు, పొదల నేల అని విడిగా చూపిస్తుంది. ఇక హైదరాబాదులోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం సాయంతో కేంద్ర భూవనరుల శాఖ తెచ్చే బంజరు భూముల అట్లాసులో పొదల నేలలూ, రాతి నేలలూ రెండూ బంజరు కిందే పడతాయి. 2019లో వెలువడిన అట్లాసు ప్రకారం దేశంలో అలాంటి భూమి 5.5 కోట్ల హెక్టార్లకు పైనే ఉంది. ఇంగ్లీషువాళ్ళ కాలం నుంచీ బంజరు అంటే శిస్తు రాని నేల అని అర్థం. అక్కడ ఏం బతుకుతోందన్న ప్రశ్న ఆ లెక్కలో ఎప్పుడూ లేదు.

చట్టం చూపు మాత్రం వేరు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒక చోటును అభయారణ్యంగా ప్రకటించడానికి చెట్లుండాలని షరతు పెట్టలేదు. అక్కడి జంతువులకో మొక్కలకో, చివరికి నేల రూపానికో తగిన ప్రాముఖ్యం ఉంటే చాలు. అభయారణ్యంలో పశువుల మేతను అదుపు చేయవచ్చు, ఒక హద్దులో అనుమతించనూ వచ్చు. జాతీయ పార్కులో ఆ వీలు లేదు. ఈ రెండూ కాక 2002 సవరణతో వచ్చిన కన్జర్వేషన్ రిజర్వు అనే మూడో రకం ఉంది. ప్రభుత్వ భూమిలో, చుట్టుపక్కల జనంతో సంప్రదించి, వాళ్ళ హక్కులను తీసివేయకుండా ఏర్పాటు చేసేది అది. బెంగళూరు వాయవ్యాన ఉన్న హెసరఘట్ట గడ్డిభూమి విషయంలో ఈ తేడాలు తెలియకనే చాలా గందరగోళం నడిచింది. మేత పోతుంది, బతుకుతెరువు పోతుంది అనే అభ్యంతరాల మధ్య 2021లో రాష్ట్ర వన్యప్రాణి మండలి తిరస్కరించిన కన్జర్వేషన్ రిజర్వు ప్రతిపాదనే, 5,678 ఎకరాలకు 2024లో ఆమోదం పొందింది.

రాయి చేసే పని

పడమటి కనుమలు నైరుతి మేఘాలను ఆపేసుకోవడం వల్ల వాటికి తూర్పున ఉన్న బళ్ళారి, అనంతపురం ప్రాంతాలకు వాన చాలా తక్కువగా వస్తుంది. అనంతపురానికి ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు వస్తే గొప్ప. అంత తక్కువ వానలో పక్షులకు చెట్టు ఇవ్వలేని ఆసరాను రాయి ఇస్తుంది.

రామనగరకు పూర్వం క్లోజ్‌పేట అని పేరు. ఆ పేరుతోనే భూగర్భ శాస్త్రజ్ఞులు పిలిచే క్లోజ్‌పేట గ్రానైటు, సుమారు 250 కోట్ల ఏళ్ళ వయసున్న రాతి పట్టీ, దక్షిణం నుంచి ఉత్తరానికి దాదాపు 400 కిలోమీటర్లు సాగుతుంది. ఎండకు వ్యాకోచించి రాత్రి చలికి ముడుచుకొని, ఉల్లిపాయ పొరల్లాగా పెచ్చులు ఊడిపోతూ, మూలలు అరిగిపోయి గుండ్రటి బండలుగా మారడం ఈ రాతి స్వభావం. ఆ క్రమంలో పక్షులకు పనికొచ్చే చోట్లు మూడు రకాలుగా ఏర్పడతాయి.

మొదటిది నిట్టనిలువు కొండచరియ. పొడుగు ముక్కు రాబందు చెట్ల మీద కన్నా ఇలాంటి చరియల అరుగుల మీదే గూడు కట్టుకోవడానికి ఇష్టపడుతుంది. పొద్దెక్కి రాయి వేడెక్కాక పైకి లేచే గాలి దానికి నిచ్చెన లాంటిది. అందుకే తెల్లవారుజామున వెళ్ళి తొమ్మిదింటికే తిరిగి వచ్చేవాళ్ళు దాన్ని ఆకాశంలో చూసే అవకాశం పోగొట్టుకుంటారు. మిగతా పక్షులకు పెందలాడే వెళ్ళాలి, రాబందుకు కాస్త ఆలస్యంగా.

రెండోది బండల మధ్య సందు. కొండ గుడ్లగూబ పగలంతా అక్కడ నీడన కూర్చుంటుంది. పాత పక్షి గ్రంథాల్లో తెలుగు పేరు జిట్టకోడి అని నమోదైన చుక్కల కోడి కూడా మనిషి అలికిడి వింటే ఎగరకుండా ఆ సందుల్లోకే పరుగెత్తుతుంది. హంపీ దగ్గరి దరోజీలో ఎలుగుబంట్లు నివాసమేర్పరచుకున్నదీ ఇలాంటి బండ గుహల్లోనే.

మూడోది పగులు. బండ పగుల్లో రాలిన మన్నులో కొండరావి మొలుస్తుంది. కదిరి చెల్లెలు ప్రశ్నకు ఆ పూట జవాబు దొరికింది కూడా అలాంటి ఒక కొండరావి మీదే. పిడికెడు మట్టి కూడా లేనిచోట, బండకు వేళ్ళు అతుక్కొని, మనిషెత్తు కూడా లేని చెట్టు. దాని మీద వాలిన పిట్ట మొదట ఏ ప్రత్యేకతా లేని ఆకుపచ్చ బూడిద రంగులో కనిపించింది. తల తిప్పగానే గొంతూ ముఖమూ పసుపు కొమ్ము అరగదీసి పూసినట్టు మెరిశాయి. ఒక పండు తుంచింది, మింగలేక అటూ ఇటూ దొర్లించింది, జారవిడిచింది, ఇంకోటి తుంచింది, పోయింది. అంతా కలిపి అర నిమిషం. అది పసుపు గొంతు పికిలిపిట్ట. తెలుగులో పాత పేరు కొండ పికిలి. ప్రపంచం మొత్తంలో దక్షిణ భారతపు రాతి గుట్టల మీద తప్ప మరెక్కడా లేదు. మన మదనపల్లె దగ్గరి హార్స్‌లీ కొండల్లోనూ, నంది కొండలోనూ, దరోజీలోనూ ఉంది. అంతర్జాతీయంగా ముప్పు పొంచి ఉన్న జాతిగా గుర్తించారు. దట్టమైన టేకు అడవిలో వెయ్యి చెట్ల మధ్య వెతికినా దొరకని ఈ పిట్టకు, గ్రానైటు కోసం పగలగొట్టే ప్రతి గుట్టా ఒక ఊరు పోయినట్టే లెక్క.

ఎవరికి ఎంత నీరు కావాలి

నీళ్ళు లేనిచోట పక్షులెలా బతుకుతాయన్న ప్రశ్నకు జవాబు అవి తినే తిండిలో ఉంది. పురుగుల్లో, బల్లుల్లో, మాంసంలో నీరు ఉంటుంది. కాబట్టి వాటిని తినే పక్షులు రోజుల తరబడి నీటి గుంట ముఖం చూడకుండా గడిపేయగలవు. పండ్లు తినే పికిలిపిట్టకూ అంతే. గింజలు తినేవాటికి అసలు చిక్కు. ఎండిన గింజలో తడి ఉండదు. కాబట్టి గింజలు మేసే పక్షుల్లో చాలావాటికి రోజూ నీటి దగ్గరికి రాక తప్పదు.

పొలంక పిట్ట ఇందుకు మంచి ఉదాహరణ. పావురానికీ కౌజుకీ మధ్యస్థంగా, ఎండుగడ్డి రంగులో, నేల మీద కూర్చుంటే రెండు గజాల దూరంలో ఉన్నా కనబడకుండా ఉంటుంది. మన ప్రాంతంలో ఇవి రెండు రకాలు. ఒక రకం పొద్దు పొడిచాక గుంపులుగా నీటికి వస్తుంది. నుదుటి మీద నలుపు తెలుపు పట్టీలుండే చిత్రవర్ణపు పొలంక పొద్దు గుంకి మసక చీకటి పడ్డాక, మళ్ళీ తెల్లవారకముందు వస్తుంది. ఒకే గుంటను రెండు జాతులు వేళలు పంచుకొని వాడుకుంటాయి. పొలంక జాతుల్లో చాలావాటి మగపక్షి పొట్ట ఈకలను నీటిలో నానబెట్టుకొని, కిలోమీటర్ల దూరం ఎగిరిపోయి, పిల్లల ముందు నిలబడుతుంది. అవి ఆ ఈకల్లోంచి తడిని పీల్చుకుంటాయి.

దీన్నిబట్టి ఒక సందర్శకుడి రోజును లెక్కవేసి చూద్దాం. రాత్రి రైలెక్కి హోస్పేటలో దిగి, ఎనిమిదింటికి చిట్టడవికి చేరుకొని, పదింటి దాకా తిరిగి, ఎండ భరించలేక గదికి పోయి, సాయంత్రం నాలుగింటికి వచ్చి ఆరింటికల్లా బయటికి వెళ్ళే మనిషి, తాను రోజంతా పక్షుల కోసమే గడిపానని అనుకుంటాడు. చిత్రవర్ణపు పొలంక నీటికి వచ్చే రెండు వేళలూ అతని రోజుకు బయటే ఉన్నాయి. గేటు మూసే వేళకు ముందు అతను వెళ్ళిపోయాడు, తెరిచే వేళకు ముందే అది వెళ్ళిపోయింది. అతని జాబితాలో ఆ పిట్ట లేకపోవడం అడవి గురించి ఏమీ చెప్పదు, గేటు వేళల గురించి మాత్రం చెబుతుంది.

"కనబడలేదు" అంటే "లేదు" అనుకోవచ్చా

పక్షుల లెక్కల్లో అతి పెద్ద చిక్కు ఇదే. ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒక గుట్ట మీద ఒక పక్షి నిజంగానే ఉందనీ, అక్కడికి పది సార్లు వెళ్తే సగటున మూడు సార్లు కనబడుతుందనీ అనుకుందాం. నూరుమంది విడివిడిగా ఆ గుట్టకు వెళ్తే మొదటి రోజు డెబ్బైమంది అది చూడకుండానే తిరిగి వస్తారు. ఆ డెబ్బైమంది మళ్ళీ వెళ్తే నలభై తొమ్మిదిమందికి రెండోసారీ కనబడదు. నాలుగుసార్లు వెళ్ళినా ఇంకా ఇరవై నలుగురు మిగులుతారు. ఎనిమిదో సారికి ఆ సంఖ్య ఆరుకు దిగుతుంది. పక్షి మాత్రం మొదటి నుంచీ అక్కడే ఉంది. అదే పక్షి ఇరవై సార్లలో ఒక్కసారే కనబడేంత గుట్టుగా బతికేదైతే, ఇరవై సార్లు తిరిగినవాళ్ళలో కూడా నూటికి ముప్పై ఆరుమంది ఉత్త చేతులతో వస్తారు.

కాబట్టి ఎన్నిసార్లు, ఏ వేళల్లో, ఎంతసేపు వెతికారో చెప్పకుండా "అక్కడ ఆ పిట్ట లేదు" అనే మాటకు విలువ తక్కువ. పక్షులను చూసినవాళ్ళు వివరాలు నమోదు చేసే ఈబర్డ్ లాంటి వేదికలు నడిచిన దూరాన్నీ, గడిపిన సమయాన్నీ అడిగేది ఇందుకే. సుమారు 30,000 మంది పక్షి ప్రేమికులు ఇచ్చిన మూడు కోట్ల నమోదుల ఆధారంగా 2023లో వచ్చిన భారత పక్షుల స్థితి నివేదిక 942 జాతులను పరిశీలించగలిగిందంటే, చూసినదానితో పాటు చూడనిదాన్నీ చాలామంది నిజాయితీగా రాయడమే కారణం. గడ్డిభూములు, చిట్టడవులు వంటి ఆరుబయలు నేలల్లో మాత్రమే బతికే పక్షులు బాగా తగ్గిపోతున్నాయని ఆ నివేదిక తేల్చింది.

ఈ లెక్కకు మన ఇంటి ఉదాహరణ కలివికోడి. కలివి పొదల నీడన తిరుగుతుంది కాబట్టి ఆ పేరు. 1848లో సైనిక వైద్యుడు థామస్ జెర్డన్ దాన్ని లోకానికి పరిచయం చేశాడు. 1900 తర్వాత ఎవరూ చూడలేదు. అంతరించిపోయిందనే అందరూ అనుకున్నారు. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ కడప జిల్లాలో స్థానిక వేటగాళ్ళ సాయంతో వెతికితే 1986 జనవరిలో మళ్ళీ దొరికింది. ఎనభై ఆరేళ్ళ పాటు శాస్త్రానికి లేని ఆ పక్షి, రాత్రిళ్ళు లాంతరుతో తిరిగే ఊరివాళ్ళకు ఎప్పుడూ ఉండనే ఉంది. దానికోసమే 1988లో శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడింది. తర్వాతి పరిశోధకులు పొదల మధ్య మెత్తటి మట్టి పట్టీలు పరిచి, పొద్దున్నే వాటి మీద పడిన అడుగు జాడలు చూసి అది తిరిగే చోట్లను గుర్తించారు. పక్షిని చూడకుండానే పక్షిని లెక్కించే పద్ధతి అది. 2008 ప్రాంతం తర్వాత ఏళ్ళ తరబడి మళ్ళీ ఖాయమైన దర్శనం లేకపోయినప్పుడు, అంతరించిందని తేల్చిచెప్పడానికి నిపుణులు వెనుకాడింది కూడా ఆ పాత ఎనభై ఆరేళ్ళ అనుభవం వల్లే.

మేలు చేయబోయి మార్చేసిన నేలలు

చిట్టడవికి ఏం చేస్తే మంచిదన్న దగ్గర అభిప్రాయాలు గట్టిగా చీలిపోతాయి. చెట్లు నాటాలనేది ఒక వాదం. నేల కోత ఆగుతుంది, కట్టెపుల్ల దొరుకుతుంది, నీడ వస్తుంది, వాతావరణ మార్పుకు విరుగుడు అవుతుంది అని వాళ్ళు చెప్పే కారణాలు కొట్టిపారేయదగినవి కావు. నిజంగానే చెట్లు కొట్టేయడం వల్ల చిట్టడవిగా దిగజారిన చోట్లు ఉన్నాయి, అలాంటిచోట నాటడం మరమ్మతు. ఆరుబయలు నేలలను చదివిన జీవశాస్త్రజ్ఞులు చెప్పేది వేరు. చాలా చిట్టడవులూ గడ్డిభూములూ తక్కువ వానకు తగ్గట్టు వేల ఏళ్ళుగా ఉన్న నేలలే, అక్కడ నీలగిరి చెట్లు వరసగా నాటితే నేల మీద గూడు పెట్టే తీతువుకూ, ఎదురుగాలిలో గడ్డి మీదుగా తేలుతూ మిడతలను వేటాడే పిల్లిగద్దకూ ఇల్లు పోతుంది. మూడో గొంతు గొర్రెల కాపరులది. వాళ్ళకు ఇది మేత నేల, చెట్లు నాటి కంచె వేసినా, పక్షుల పేరు చెప్పి కంచె వేసినా వాళ్ళకు తేడా లేదు. నా అంచనాలో ఈ ముగ్గురిలో అందరికంటే తక్కువగా వినబడింది మూడోవాళ్ళ మాటే. ఒక మోస్తరు మేత లేకపోతే గడ్డి మనిషెత్తు పెరిగి, పొట్టి గడ్డిలో తిరిగే పక్షులకు అక్కరకు రాకుండా పోవడం పరిశోధకులు కూడా గమనించిన విషయమే.

కర్నూలు పక్కన నందికొట్కూరు దగ్గరి రోళ్ళపాడు కథలో ఈ చిక్కులన్నీ ఒకేచోట కనిపిస్తాయి. బట్టమేక పిట్ట (గ్రేట్ ఇండియన్ బస్టర్డ్) కోసం 1988లో ఆరు చదరపు కిలోమీటర్ల పైచిలుకు నేలను అభయారణ్యం చేశారు. కాపలా పెరిగింది, గడ్డి పెరిగింది. ఆ గడ్డితో కృష్ణజింకలు పెరిగాయి. అవి హద్దు దాటి పొలాల్లో పడ్డాయి. పంట పోయిన రైతుకు అభయారణ్యం మీదే కోపం వచ్చింది. బట్టమేకకు మాత్రం ఆరు చదరపు కిలోమీటర్ల కంచె ఎప్పుడూ సరిపోలేదు. జొన్న, కొర్ర, వేరుశనగ పొలాల్లో పురుగులు ఏరుకుంటూ అది మైళ్ళ కొద్దీ తిరిగేది. సాగునీరు వచ్చి పంటల తీరు మారేసరికి ఆ పొలాలు దానికి కొరగాకుండా పోయాయి. దేశం మొత్తం మీద 150కి మించి లేని ఆ పక్షి రోళ్ళపాడులో ఇప్పుడు కనబడడం లేదు. తప్పు ఎవరిదని అడిగితే జింకల వైపూ, కాలువల వైపూ, కంచె వైపూ చూపించేవాళ్ళు ఉన్నారు, ముగ్గురి దగ్గరా కొంత నిజం ఉంది.

కాలువ అంటే కలివికోడి కూడా గుర్తొస్తుంది. కృష్ణా నీటిని రాయలసీమ మీదుగా చెన్నై దాకా తీసుకుపోయే తెలుగు గంగ కాలువ పనులు 2005లో ఆ పక్షి తిరిగే పొదల దాకా వచ్చాయి. కరువు సీమకు సాగునీరు, మహానగరానికి తాగునీరు ఒకవైపు. ప్రపంచంలో మరెక్కడా లేదనుకున్న పక్షి మరోవైపు. వివాదం తర్వాత కాలువ దారి మార్చారు.

గింజలు, బెల్లం, ఫోనులోని కూత

దరోజీ ఎలుగుబంట్ల అభయారణ్యం 1994లో ఏర్పడింది. అక్కడ అటవీ సిబ్బంది మధ్యాహ్నం వేళ బండల మీద బెల్లం పాకం పూస్తారు. ఎలుగుబంట్లు దిగివచ్చి నాకుతాయి, జనం ఎదుటి గుట్ట మీది మంచె నుంచి చూస్తారు. ఎలుగుల కంటే ముందు అక్కడికి చేరేవి నెమళ్ళు, కౌజులు, ఒక్కోసారి జిట్టకోళ్ళు. ఇక ప్రైవేటు తోటల్లో నీటి తొట్టీ గింజలూ పెట్టి, గుడ్డ చాటున కెమెరాలతో కూర్చోబెట్టే మాటులు కర్ణాటకలో పలుచోట్ల వెలిశాయి. మాటు అనేది వేటగాళ్ళ మాట. అప్పట్లో మాటులో తుపాకీ ఉండేది, ఇప్పుడు బారెడు లెన్సు ఉంటోంది.

మాటును సమర్థించేవాళ్ళు చెప్పేది ఇది: పొదల్లో పడి పక్షులను తరిమే పదిమందిని ఒకచోట కూర్చోబెట్టడం మేలు, పొలం యజమానికి పంట కంటే పక్షి వల్ల నాలుగు డబ్బులు వస్తే ఆ పొదలు మిగులుతాయి, వృద్ధులకూ నడవలేనివాళ్ళకూ మరో దారి లేదు. కాదనేవాళ్ళ వాదన: రోజూ ఒకేచోట తిండి దొరికితే పాములూ పిల్లులూ డేగలూ కూడా ఆ చోటును నేర్చుకుంటాయి, రోగాలు ఒకదాని నుంచి ఒకదానికి అంటుకుంటాయి, గింజలు తినే బలమైన పక్షులు పెరిగి మిగతావాటిని నెట్టేస్తాయి. చట్టం వేటకు ఇచ్చిన నిర్వచనంలో ఎర వేయడం కూడా ఉంది, పక్షుల గూళ్ళనూ గుడ్లనూ కదిలించడం కూడా ఉంది. ఫొటో కోసం వేసే గింజలు ఆ ఎర కిందికి వస్తాయా అన్నదాని మీద వాదనలున్నాయి. గూటి విషయంలో మాత్రం సందేహానికి తావు తక్కువ.

ఫోనులో రికార్డు చేసిన కూత వినిపించి పక్షిని రప్పించడం ఇంకో వివాదం. గూడు కట్టే కాలంలో మగపక్షికి ఆ కూత అంటే తన చోటును ఆక్రమించడానికి ఇంకొకడు వచ్చినట్టే. తిండి మాని, గూడు వదిలి, లేని శత్రువు కోసం పొద మీద పొద వెతుకుతుంది. ఒక్కరు ఒక్కసారి చేస్తే పెద్ద నష్టం ఉండకపోవచ్చు. బెంగళూరు నుంచి శని ఆదివారాల్లో వచ్చే ఇరవై కార్లలో ఇరవైమందీ తలా ఒక్కసారి చేస్తే ఆ పక్షికి అది ఇరవై సార్లు. కలివికోడిని వెతికిన శాస్త్రజ్ఞులూ కూత వినిపించే పద్ధతినే వాడారన్నది ఎదుటి పక్షం జవాబు. ఏ వేళ, ఎన్నిసార్లు, ఎంతసేపు అన్న హద్దులు పెట్టుకొని, ఫలితాన్ని రాసుకొని చేసిన పని అది. ఆ హద్దులు సందర్శకుడికి ఎవరు పెడతారన్నదే తేలని విషయం.

హద్దు రాయి అవతల

మళ్ళీ రామదేవర బెట్టకు వద్దాం. రాబందు గూడున్న చరియకు రక్షణ దొరికింది. రాబందు మేత మాత్రం ఆ ఎనిమిది వందల యాభై ఎకరాల్లో లేదు. ఆహారం కోసం అది ఒక్క రోజులో ఎన్నో తాలూకాలు దాటి తిరుగుతుంది. ఎక్కడో ఒక పల్లెలో జబ్బుపడిన ఎద్దుకు నొప్పి తగ్గాలని డైక్లోఫెనాక్ సూది వేసి, అది బతక్క చనిపోతే, ఆ కళేబరం తిన్న రాబందు మూత్రపిండాలు దెబ్బతిని రోజుల్లో చచ్చిపోతుంది. ఈ సంగతి 2004లో రుజువైంది. అన్ని కళేబరాల్లోనూ మందు ఉండనక్కర్లేదని, 760లో ఒకదానిలో ఉన్నా, మహా అయితే 130లో ఒకదానిలో ఉన్నా జరిగిన నష్టమంతా జరగడానికి చాలునని లెక్కలు తేల్చాయి. ఒక్క ఎద్దు మీద పదుల రాబందులు వాలుతాయి, ఒక జంట ఏడాదికి ఒక్క గుడ్డే పెడుతుంది. ఆ రెండూ కలిస్తే అంకె అలా వస్తుంది. పశువుల వాడకానికి డైక్లోఫెనాక్‌ను 2006లో నిషేధించారు. మనుషుల కోసం అమ్మే పెద్ద సీసాలు పశువులకు మళ్ళుతున్నాయని 2015లో వాటిని ఆపి, చిన్న సీసాలకే పరిమితం చేశారు. అలాంటి ముప్పే ఉన్న కీటోప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్‌లను 2023లో పశువైద్యం నుంచి తొలగించారు. మెలోక్సికాం రాబందులకు హాని చేయని ప్రత్యామ్నాయంగా తేలింది. ఇంత జరిగినా రామనగర చరియ మీద పొడుగు ముక్కు రాబందులు ఇప్పుడు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్నే.

ఆ రోజు పదిన్నర దాటాక ఎండ చుర్రుమంటుండగా ఒకటి లేచింది. రెక్క కొట్టకుండా మూడు చుట్లు తిరిగి, చరియ వెనక్కి పోయింది. చెల్లెలు బైనాక్యులర్ దించకుండా చాలాసేపు అటే చూసి, "మా నాయిన చిన్నప్పుడు ఊరి బయట గొడ్డు పడితే సాయంత్రానికి ఎముకలే మిగిలేటివంట," అంది. కాసేపాగి అడిగింది: "ఇప్పుడు ఎవురు తింటాండారన్నా?"

"కుక్కలమ్మా" అన్నాను.